మ్యూయాన్ పుంజ ప్రయోగాలు: పరికరానికీ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య పని పంపకం

కణ త్వరణ యంత్రాల నుంచి వెలువడే మ్యూయాన్ పుంజాలతో చేసే ప్రయోగాల చరిత్రను పరికరాల చరిత్రగా రాయడం వాడుక. ఏ అయస్కాంతం ఎంత బలమైనది, ఏ డిటెక్టర్ ఎంత చిన్న కాలాన్ని కొలవగలదు అన్న అంశాలే అందులో ముందుంటాయి. సాఫ్ట్‌వేర్ ప్రస్తావన చివరి అధ్యాయంలో, విశ్లేషణ పద్ధతుల కింద వస్తుంది. గత పాతికేళ్లలో ఈ వరుస తారుమారైంది. ఒక సంకేతం నిజమైన కణానిదా లేక రొదా, రెండు సంకేతాలు ఒకే క్షయానికి చెందినవా లేక వేర్వేరువా అన్న విషయాలను ఒకప్పుడు ఎలక్ట్రానిక్ సర్క్యూట్లే అక్కడికక్కడ తేల్చేవి. ఇప్పుడు అవి కంప్యూటర్లలో, తరచుగా నెలల తర్వాత తేలుతున్నాయి. ప్రయోగంలో తలెత్తే లోపాన్ని పరికరంలోనే నివారించాలా, లేక నమోదు చేసుకుని తర్వాత గణనతో సవరించాలా అన్నది అందువల్ల ఈ రంగంలో రూపకల్పనకు మూలప్రశ్న అయింది. ఆ ప్రశ్నకు వివిధ ప్రయోగశాలలు ఇచ్చిన జవాబులను పరిశీలించి, వాటి బలాబలాలను బేరీజు వేయడం ఈ సమీక్ష ఉద్దేశం.

కణం విధించే షరతులు

మ్యూయాన్‌ను 1936లో కార్ల్ ఆండర్సన్, సెత్ నెడర్‌మేయర్ విశ్వకిరణాలలో గుర్తించారు. ఎలక్ట్రాన్‌కు సుమారు 207 రెట్ల ద్రవ్యరాశి గల ఈ కణం సగటున 2.2 మైక్రోసెకన్లు మాత్రమే జీవించి, ఒక ఎలక్ట్రాన్‌గా లేదా దాని ప్రతికణమైన పాజిట్రాన్‌గా, రెండు న్యూట్రినోలుగా క్షయమవుతుంది. నానోసెకన్లను లెక్కించే గడియారాలకు ఈ వ్యవధి సుదీర్ఘమైనదే గాని, కణాలను పోగుచేసి, కుదురుపరచి, వేగం పెంచవలసిన త్వరణ యంత్రానికి అది చాలా స్వల్పం. పుంజం తయారీ కూడా రెండు అంచెలలో జరుగుతుంది: ప్రోటాన్లను సాధారణంగా గ్రాఫైట్ లక్ష్యం మీదికి వదిలితే పయాన్లు పుడతాయి, అవి సగటున 26 నానోసెకన్లలో క్షయమై మ్యూయాన్లను ఇస్తాయి.

ఈ క్షయాలలో కుడి ఎడమల సమరూపత భంగమవుతుందని, అంటే ప్రకృతి అద్దంలోని ప్రతిబింబాన్ని అసలుతో సమానంగా చూడదని, 1957లో కొలంబియా విశ్వవిద్యాలయపు నెవిస్ సైక్లోట్రాన్ వద్ద గార్విన్, లెడర్‌మన్, వైన్‌రిచ్ చేసిన ప్రయోగం చూపింది. దాని నుంచి రెండు ప్రయోజనాలు చేకూరాయి. పయాన్ నుంచి పుట్టిన మ్యూయాన్ల స్పిన్‌లన్నీ దాదాపు ఒకే దిశలో ఉంటాయి, ఆ మ్యూయాన్ క్షయించినప్పుడు వెలువడే పాజిట్రాన్ ఆ క్షణాన స్పిన్ ఉన్న దిశకే ఎక్కువగా మొగ్గుతుంది. కనుక పాజిట్రాన్లు ఏ దిశలో, ఎప్పుడు వచ్చాయో లెక్కించగలిగితే, మ్యూయాన్ ఉన్న చోట అయస్కాంత క్షేత్రం ఎంతో తెలుస్తుంది. ఘనపదార్థాల అయస్కాంత ధర్మాలను పరీక్షించే ‘మ్యూ ఎస్ ఆర్’ పద్ధతికీ, మ్యూయాన్ అయస్కాంత భ్రామకాన్ని కొలిచే ప్రయోగాలకూ ఈ ఒక్క సూత్రమే ఆధారం.

పయాన్ లక్ష్యపు ఉపరితలానికి అతి చేరువలో ఆగి క్షయిస్తే, అక్కడ పుట్టే ‘ఉపరితల మ్యూయాన్’ గతిజశక్తి 4.1 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. అది ఒకటి రెండు మిల్లీమీటర్ల నీటిలోనే ఆగిపోతుంది. పలుచని నమూనాల అధ్యయనానికి ఇది గొప్ప సౌకర్యం. కాని దారిలో ఉన్న ప్రతి కిటికీ రేకూ, ప్రతి కౌంటరూ, నమూనాకు చుట్టిన పొర సైతం ఆ కణం గమనాన్ని మారుస్తాయి కాబట్టి, పుంజాన్ని గమనించడానికి పెట్టే పరికరమే పుంజాన్ని చెడగొట్టే పరిస్థితి ఏర్పడుతుంది. కొలతను తగ్గించి గణనకు ఎక్కువ వదలాలన్న ఒత్తిడి మొదట ఇక్కడే మొదలవుతుంది.

పుంజపు కాలస్వభావం

ప్రపంచంలోని మ్యూయాన్ కేంద్రాలు పుంజం వచ్చే తీరును బట్టి రెండు రకాలు. స్విట్జర్లాండ్‌లోని పౌల్ షెరర్ సంస్థలో 590 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల సైక్లోట్రాన్ సుమారు 20 నానోసెకన్లకొకసారి ప్రోటాన్లను విడుదల చేస్తుంది. పయాన్ జీవితకాలం అంతకంటే ఎక్కువ కావడంతో ఆ విరామాలు చెరిగిపోయి, మ్యూయాన్లు ఎడతెగకుండా వస్తున్నట్టే ఉంటుంది. కెనడాలోని ట్రయంఫ్ కూడా ఈ కోవకే చెందుతుంది. బ్రిటన్‌లోని రదర్‌ఫర్డ్ ఆపిల్టన్ ప్రయోగశాలకు చెందిన ఐసిస్‌లో సెకనుకు 40 సార్లు, జపాన్‌లోని జె-పార్క్‌లో 25 సార్లు, మ్యూయాన్లు గుంపులు గుంపులుగా, పల్స్‌ల రూపంలో వస్తాయి.

ఎడతెగని పుంజంలో ప్రతి మ్యూయాన్ రాకను ఒక పలుచని కౌంటర్ నమోదు చేస్తుంది, గడియారం మొదలవుతుంది, పాజిట్రాన్ వచ్చినప్పుడు ఆగుతుంది. కాలాన్ని ఒక నానోసెకను కంటే సూక్ష్మంగా కొలవవచ్చు గాని, ఒక మ్యూయాన్ ఇంకా క్షయించకముందే మరొకటి వస్తే ఏ పాజిట్రాన్ దేనిదో తెలియదు. అందువల్ల అలాంటి జంటలను వదిలివేయవలసి వస్తుంది, పుంజం తీవ్రతకు అదే హద్దు అవుతుంది. పల్స్ పుంజంలో వేల మ్యూయాన్లు ఒకేసారి నమూనాలో దిగుతాయి, మొదలు అన్నిటికీ ఒకటే, ఆ తర్వాత నేపథ్య రొద దాదాపు ఉండదు కాబట్టి 20 మైక్రోసెకన్ల దాకా స్పిన్ మార్పులను గమనించవచ్చు. అయితే ఐసిస్‌లో పల్స్ వెడల్పు సుమారు 80 నానోసెకన్లు. ఒక టెస్లా క్షేత్రంలో మ్యూయాన్ స్పిన్ సెకనుకు 13.55 కోట్ల సార్లు, అంటే 7.4 నానోసెకన్లకొకసారి, తిరుగుతుంది కనుక ఆ భ్రమణం పల్స్ వెడల్పులోనే కలిసిపోయి కనబడకుండా పోతుంది. పల్స్‌లో కలిసిపోయిన ఈ సమాచారాన్ని ఏ గణన పద్ధతీ వెలికితీయలేదు. పరికరం నమోదు చేయని దానిని సాఫ్ట్‌వేర్ సృష్టించలేదన్న నియమానికి ఇది మొదటి ఉదాహరణ.

పల్స్ కేంద్రాలలో దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే ఉదాహరణ ‘మృతకాలం’, అంటే ఒక కణాన్ని నమోదు చేసిన వెంటనే మరొక దానిని గుర్తించలేని క్షణిక వ్యవధి. పల్స్ దిగిన తొలి క్షణాలలో పాజిట్రాన్లు కుప్పగా వస్తాయి కాబట్టి కొన్ని లెక్కకు అందవు. డిటెక్టర్‌ను చిన్న భాగాలుగా విడగొట్టడం దీనికి పరికరం ఇచ్చే పరిష్కారం; ఐసిస్‌లోని ఈ.ఎం.యు. వర్ణపటమాపకంలో ఇలాంటివి 96 ఉన్నాయి. మిగిలిన నష్టాన్ని గణనతో పూడుస్తారు: మ్యూయాన్ స్పిన్‌ను పెద్దగా కదిలించని వెండి నమూనాతో ముందుగా కొలతలు తీసి, రావలసిన క్షయరేఖకూ వచ్చిన రేఖకూ ఉన్న తేడా నుంచి ఒక్కొక్క డిటెక్టర్ మృతకాలాన్ని నిర్ణయించి, అసలు ప్రయోగపు లెక్కలను ఆ మేరకు సరిదిద్దుతారు. ఇక్కడ సవరణ పనిచేయడానికి కారణం ఆ లోపం స్థిరమైనది కావడం, దానిని విడిగా కొలిచే ఉపాయం ఉండడం.

కట్టకముందే నడిపి చూడడం

పుంజమార్గం కట్టకముందే దానిని కంప్యూటర్‌లో నడిపి చూడడం నేడు తప్పనిసరి. కణాలు పదార్థంలో ఎలా చెదురుతాయో, ఎంత శక్తిని కోల్పోతాయో లెక్కించే జియాంట్4 అనే సాఫ్ట్‌వేర్ సముదాయం దీనికి పునాది. దాని మీద పుంజమార్గాల కోసం జి4బీమ్‌లైన్, స్పిన్ ప్రయోగాల కోసం మ్యూఎస్‌ఆర్‌సిమ్ వంటివి నిర్మించారు. దీని ఫలితం లోహంలోకి దిగిన సందర్భం పౌల్ షెరర్ సంస్థలో కనిపిస్తుంది. అక్కడి గ్రాఫైట్ లక్ష్యాన్ని పుంజానికి ఏటవాలుగా అమర్చితే ఉపరితల మ్యూయాన్లు 30 నుంచి 60 శాతం అధికంగా వస్తాయని 2016లో ప్రచురితమైన సిమ్యులేషన్ అధ్యయనం తేల్చింది. 2019లో అటువంటి లక్ష్యాన్ని అక్కడ అమర్చారు. ప్రోటాన్ పుంజం శక్తిని ఏమాత్రం పెంచకుండా, కేవలం ఆకారాన్ని మార్చడం వల్ల దక్కిన లాభమిది. సెకనుకు వెయ్యి కోట్ల మ్యూయాన్లను అందించాలన్న అక్కడి తదుపరి పథకానికీ ఈ తరహా గణనలే ఆధారం.

సిమ్యులేషన్ చెప్పిందల్లా నమ్మదగినది కాదని కూడా ఈ రంగం గుర్తెరిగింది. తక్కువ శక్తి వద్ద పయాన్లు ఎంత మేరకు పుడతాయన్న విషయంలో సాఫ్ట్‌వేర్‌తో వచ్చే సిద్ధనమూనాలు సరిపోక, పై అధ్యయనం చేసినవారు పాత ప్రయోగాల కొలతలకు సరిపడే సూత్రాలను తామే కూర్చుకున్నారు. తేలిక మూలకాలలో మ్యూయాన్లు చెదిరే తీరు మీద సందేహాలు ఉండడంతో, ట్రయంఫ్‌లో మ్యూస్కాట్ అనే ప్రయోగాన్ని ప్రత్యేకంగా ఆ కొలత కోసమే చేశారు. అంటే సాఫ్ట్‌వేర్‌ను సరిచూడడానికి ఒక పరికరం, ఆ పరికరాన్ని తీర్చడానికి మళ్ళీ సాఫ్ట్‌వేర్ అవసరమయ్యాయి. ఈ వలయాన్ని స్వతంత్రమైన కొలతతో ఎక్కడో ఒకచోట తెంచకపోతే సిమ్యులేషన్ తన ఊహలనే తిరిగి రుజువు చేసుకుంటుంది.

ఏది ఉంచాలి, ఏది వదలాలి

అరుదైన క్షయాలను వెతికే ప్రయోగాలలో పని పంపకం ప్రశ్న మరింత తీవ్రంగా ముందుకొస్తుంది. కోట్లాది మామూలు క్షయాల మధ్య ఒక్క నిషిద్ధ క్షయాన్ని పట్టుకోవాలి. అన్నిటినీ దాచుకోవడం అసాధ్యం, తప్పుగా ఒకదాన్ని వదిలితే అది తిరిగి రాదు. దీనికి మూడు పరిష్కార మార్గాలు ఉన్నాయి.

మొదటిది, ఎంపికను ఆకారానికే అప్పగించడం. అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో సిద్ధమవుతున్న మ్యూ2ఈ ప్రయోగం, అల్యూమినియం పరమాణువు చుట్టూ చిక్కుకున్న మ్యూయాన్ న్యూట్రినోలు లేకుండా నేరుగా ఎలక్ట్రాన్‌గా మారుతుందేమో చూస్తుంది. అలా మారితే ఆ ఎలక్ట్రాన్ శక్తి దాదాపు 105 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. మామూలు క్షయాల ఎలక్ట్రాన్లలో అత్యధికం 53 కంటే తక్కువ శక్తి గలవి కనుక, అయస్కాంత క్షేత్రంలో అవి చిన్న వలయాలు తిరుగుతాయి. గొట్టాలవంటి పలుచని ‘స్ట్రా’లు 20 వేలకు పైగా గల ట్రాకర్‌ను మధ్యలో బోలుగా అమర్చడంతో ఆ చిన్న వలయాలు దానిని తాకకుండానే సాగిపోతాయి. కాలాన్ని కూడా ఇదే విధంగా వాడుకున్నారు: అల్యూమినియంలో మ్యూయాన్ సగటున 864 నానోసెకన్లు నిలుస్తుంది కాబట్టి, పల్స్ వచ్చాక సుమారు 700 నానోసెకన్లు వేచి చూస్తే గందరగోళం కలిగించే పయాన్లు ఈలోగా అంతరిస్తాయి.

రెండవది, ఎంపికను వేగవంతమైన ఎలక్ట్రానిక్స్‌కు అప్పగించడం. పౌల్ షెరర్ సంస్థలోని మెగ్-2 ప్రయోగం, మ్యూయాన్ ఒక పాజిట్రాన్‌గా, ఒక గామా కిరణంగా విడిపోయే క్షయాన్ని వెతుకుతుంది. గామా కిరణాన్ని పట్టడానికి సుమారు 900 లీటర్ల ద్రవ జెనాన్‌ను 4,092 సిలికాన్ కాంతిసంవేదకాలు, 668 ఫోటోమల్టిప్లయర్లు చుట్టుముట్టి ఉంటాయి. రెండు కణాలు ఒకేసారి, ఎదురెదురు దిశలలో, సరైన శక్తితో వస్తేనే ‘ట్రిగ్గర్’ ఆ క్షణపు సమాచారాన్ని భద్రపరుస్తుంది. అయితే భద్రపరిచేది పూర్వంలాగా ఒక కాలం, ఒక పరిమాణం కాదు. అదే సంస్థలో రూపొందిన డి.ఆర్.ఎస్.4 చిప్ ద్వారా విద్యుత్ సంకేతపు పూర్తి తరంగరూపాన్నే దాచుకుంటారు, ఒకదానిమీద ఒకటి పడిన సంకేతాలను తర్వాత సాఫ్ట్‌వేర్ విడదీస్తుంది. ఈ ప్రయోగం 2025లో ప్రకటించిన ఫలితం ప్రకారం, అలాంటి క్షయం ఉంటే అది సుమారు ఆరున్నర లక్షల కోట్ల మ్యూయాన్లలో ఒకటికి మించదు.

మూడవది, ట్రిగ్గర్‌ను పూర్తిగా తొలగించడం. అదే సంస్థలో నిర్మిస్తున్న మ్యూ3ఈ, మ్యూయాన్ మూడు ఎలక్ట్రాన్ జాతి కణాలుగా విడిపోవడాన్ని వెతుకుతుంది. మూడు కణాలూ ఒకే బిందువు నుంచి వచ్చాయని తేల్చాలంటే మూడింటి దారులనూ పూర్తిగా పునర్నిర్మించాలి. డిటెక్టర్‌లోని ఏ ఒక్క మూలనుంచో దొరికే సంకేతంతో ఆ నిర్ణయం చేయడం కుదరదు. సెకనుకు పది కోట్ల మ్యూయాన్ల నుంచి వచ్చే సమస్త సమాచారాన్ని అందువల్ల గ్రాఫిక్స్ ప్రాసెసర్లు గల కంప్యూటర్ల వరుసకు ప్రవాహంలా పంపి, అక్కడే దారులను గీసి, ఎంపిక చేస్తారు. ఈ నిర్ణయానికి పరికరం వైపు నుంచి మూల్యం చెల్లించవలసి వచ్చింది: కణాలు చెదరకుండా ఉండేందుకు సుమారు 50 మైక్రాన్ల మందం గల సిలికాన్ చిప్‌లనే వాడి, వాటిని నీటి గొట్టాలతో గాక హీలియం వాయువుతో చల్లబరుస్తారు.

ఈ మూడింటిలో ఒకటి ఉత్తమం, మిగిలినవి అధమం అనడానికి లేదు. వెతికే క్షయానికి ఒక్క కణం చాలినప్పుడు ఆకారం సరిపోతుంది, రెండు కావలసినప్పుడు ఎలక్ట్రానిక్స్ సరిపోతుంది, మూడు కలిస్తే తప్ప అర్థం తెలియనప్పుడు సాఫ్ట్‌వేర్ తప్పదు. పాత కేంద్రాలు కూడా ఈ దిశగా కదులుతున్నాయి. ఐసిస్‌లో సూపర్ మ్యూఎస్‌ఆర్ అనే కొత్త పరికరం కోసం సంకేతపు తరంగరూపాలను డిజిటల్ రూపంలో నమోదు చేసి, ఏది పాజిట్రాన్ అన్న తీర్పును సాఫ్ట్‌వేర్ ప్రవాహానికి వదిలే ఏర్పాటును రూపొందిస్తున్నారు.

సవరణకు చెల్లించే మూల్యం

పరికరం లోపాన్ని గణనతో సరిదిద్దడానికి ఎంత ఖర్చవుతుందో అంకెలలో చూపిన ప్రయోగం, మ్యూయాన్ అయస్కాంత భ్రామకాన్ని కొలిచిన ఫెర్మీల్యాబ్‌లోని మ్యూయాన్ జి-2. బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో పూర్వం వాడిన, సుమారు 14 మీటర్ల వ్యాసం గల అయస్కాంత వలయాన్ని 2013లో పడవ మీద, లారీ మీద ఫెర్మీల్యాబ్‌కు తరలించారు. అందులో 1.45 టెస్లా క్షేత్రంలో తిరిగే మ్యూయాన్లు కాంతివేగానికి అతి చేరువగా ఉండడం వల్ల, సాపేక్షతా నియమం ప్రకారం వాటి జీవితకాలం 64 మైక్రోసెకన్లకు సాగేది. వలయం లోపలి అంచున కణాల శక్తిని కొలిచే 24 కెలోరీమీటర్లు ఉండేవి, ఒక్కొక్కదానిలో 54 లెడ్ ఫ్లోరైడ్ స్ఫటికాలు ఉండేవి. ప్రతి స్ఫటికపు సంకేతాన్ని సెకనుకు 80 కోట్ల సార్లు నమోదు చేసేవారు. మ్యూయాన్లను వలయంలోకి వదిలిన ప్రతిసారీ 700 మైక్రోసెకన్ల పాటు ఇది సాగేది కనుక, ఒక్క విడతకే 70 కోట్లకు పైగా నమూనాలు వచ్చేవి. వాటిని గ్రాఫిక్స్ ప్రాసెసర్లు అక్కడికక్కడే వడపోసి, సంకేతం ఉన్న ముక్కలను మాత్రమే నిల్వకు పంపేవి.

ఈ ప్రయోగ రూపకల్పనలో గమనించదగినది, కొలిచే పరికరాలను కనిపెట్టుకుని ఉండే పరికరాల సంఖ్య. వలయం పొడవునా అమర్చిన 378 సూచికలు క్షేత్రాన్ని నిరంతరం కొలుస్తుండేవి. కొన్ని రోజులకొకసారి పుంజాన్ని ఆపి, 17 సూచికలు గల బండిని శూన్యనాళంలోనే తిప్పి, కణాలు తిరిగే దారిలోని క్షేత్రాన్ని నేరుగా కొలిచేవారు. రెండు పర్యటనల మధ్య క్షేత్రం ఎలా మారిందో స్థిరసూచికల ఆధారంగా సాఫ్ట్‌వేర్ పూరించేది. స్ఫటికాల స్పందన మారుతోందా అన్నది లేజర్ కాంతితో చూసేవారు. పుంజం వలయంలో అటూ ఇటూ ఊగే ఊగిసలాటను రెండు ట్రాకర్ కేంద్రాలు గమనించేవి. ఆ ఊగిసలాటను లెక్కలోకి తీసుకోని సరళ సమీకరణాన్ని డేటాకు అమర్చితే, మిగిలే తేడాలలో అది స్పష్టమైన పౌనఃపున్య శిఖరాలుగా బయటపడుతుంది.

2018లో సేకరించిన మొదటి విడత డేటాలో ఈ వ్యవస్థకు అసలైన పరీక్ష ఎదురైంది. పుంజాన్ని నిలువునా పట్టి ఉంచే విద్యుత్ పలకలకు చెందిన 32 నిరోధకాలలో రెండు దెబ్బతినడంతో, పలకల వోల్టేజి నెమ్మదిగా పెరిగి, పుంజం స్థానం ప్రతి విడతలోనూ కొద్దికొద్దిగా జరిగింది. ట్రాకర్ల కొలతలు, సిమ్యులేషన్ కలిపి ఆ ప్రభావాన్ని లెక్కగట్టి, వంద కోట్లలో 158 వంతుల మేర ఫలితాన్ని సవరించారు. కాని ఆ సవరణ తనతో పాటు వంద కోట్లలో 75 వంతుల అనిశ్చితిని తెచ్చింది. ప్రయోగం మొత్తానికి లక్ష్యంగా పెట్టుకున్న అనిశ్చితి 140 మాత్రమే. నిరోధకాలను మార్చాక తర్వాతి విడతలలో ఈ పద్దు బాగా తగ్గిపోయింది, 2025 జూన్‌లో వెలువడిన తుది ఫలితం 127 వంతుల సూక్ష్మతను అందుకుంది. ట్రాకర్లు లేకపోతే పుంజం ఎంత జరిగిందో తెలిసేది కాదు, సాఫ్ట్‌వేర్ లేకపోతే మొదటి విడత డేటా వృథా అయ్యేది. అయినా రెండు చిన్న భాగాలను మార్చడంతో దక్కిన నిశ్చయాన్ని ఎంత నైపుణ్యం గల గణనా ఇవ్వలేకపోయింది.

సవరణల సంఖ్య పెరిగేకొద్దీ విశ్లేషకుల అభిమతం ఫలితాన్ని వంచే ప్రమాదమూ పెరుగుతుంది. దీనికి విరుగుడును కూడా పరికరంలోనే అమర్చారు: డిజిటల్ నమోదుకు ఆధారమైన గడియారపు పౌనఃపున్యాన్ని బృందానికి వెలుపలి ఇద్దరు రహస్యంగా కాస్త జరిపి ఉంచేవారు, విశ్లేషణ పూర్తయ్యేదాకా ఆ అంకె ఎవరికీ తెలిసేది కాదు.

సాఫ్ట్‌వేర్‌లో కూర్చిన పుంజం

పని పంపకానికి మరో కొసను చూపేది రదర్‌ఫర్డ్ ఆపిల్టన్ ప్రయోగశాలలో జరిగిన మైస్ ప్రయోగం. భవిష్యత్తులో మ్యూయాన్ కొలైడర్ నిర్మించాలంటే చెల్లాచెదరుగా పుట్టే మ్యూయాన్లను, అవి క్షయించేలోగా, ఒద్దికైన పుంజంగా కుదించాలి. ద్రవ హైడ్రోజన్ లేదా లిథియం హైడ్రైడ్ గుండా పంపి అన్ని దిశలలోని ద్రవ్యవేగాన్నీ తగ్గించి, ముందుకు పోయే వేగాన్ని మాత్రమే విద్యుత్ క్షేత్రంతో తిరిగి ఇవ్వడం ‘అయనీకరణ శీతలీకరణ’ పద్ధతి. దీని మొదటి సగాన్ని, అంటే పదార్థంలో కుదింపును, మైస్ పరీక్షించింది.

అక్కడ మ్యూయాన్లు గుంపుగా రావు. ఒక్కొక్క మ్యూయాన్ స్థానాన్నీ ద్రవ్యవేగాన్నీ, శోషక పదార్థానికి ముందూ వెనుకా, సన్నని మెరుపు తంతువులతో చేసిన ట్రాకర్లు విడివిడిగా కొలిచాయి. గమనకాలాన్ని కొలిచే కౌంటర్లు ఎలక్ట్రాన్లను, పయాన్లను వేరుచేశాయి. ఆ విడి కొలతలను కంప్యూటర్‌లో పోగుచేసినప్పుడే ‘పుంజం’ ఏర్పడుతుంది; దాని వ్యాప్తిని కావలసినట్టు ఎంచుకునే వీలూ ఉంటుంది. 2020లో నేచర్ పత్రికలో వెలువడిన ఫలితం కుదింపు నిజమేనని చూపింది. శోషకం దిగువ వైపు అతివాహక కాయిల్ ఒకటి పనిచేయకుండా పోయినా, మిగిలిన అయస్కాంతాల అమరికను మళ్ళీ లెక్కించి ప్రయోగాన్ని కొనసాగించగలగడానికి ఈ కణం వెంట కణం పద్ధతి తోడ్పడింది. దీని హద్దు కూడా స్పష్టమే: కణాలు కిక్కిరిసినప్పుడు పరస్పరం కలిగించే ప్రభావాలను ఇలా కూర్చిన పుంజం చూపలేదు.

ఉమ్మడి సాధనాలు, తెగని వాదాలు

ఈ ప్రయోగాలు దశాబ్దాల తరబడి సాగుతాయి కాబట్టి, రాసినవారు వెళ్ళిపోయాక కూడా సాఫ్ట్‌వేర్ బతకాలి. అందుకే పౌల్ షెరర్ సంస్థ, ట్రయంఫ్ కలిసి పెంచిన మిడాస్ సమాచార సేకరణకు, సెర్న్‌లో పుట్టిన రూట్ విశ్లేషణకు, మ్యూఎస్‌ఆర్‌ఫిట్, మాంటిడ్ స్పిన్ ప్రయోగాల డేటాకు ఉమ్మడి సాధనాలుగా స్థిరపడ్డాయి. సొంతంగా రాసుకున్నది ఒక ప్రయోగానికి చక్కగా అమరవచ్చు. పలు ప్రయోగశాలలలో వాడబడేది మాత్రం తన తప్పులను త్వరగా బయటపెట్టుకుంటుంది. ఒకే సాధనాన్ని అందరూ వాడితే అందులోని తప్పు అందరి ఫలితాలలోకీ పాకే ప్రమాదం ఉంది కాబట్టి, జి-2 వంటి ప్రయోగాలలో పలు బృందాలు వేర్వేరు పద్ధతులలో కణసంకేతాలను పునర్నిర్మించి, చివరన పోల్చుకుంటాయి.

సవరణలను తగ్గించే మరో దారి, పుంజాన్నే మార్చడం. జె-పార్క్‌లోని జి-2 పథకం మ్యూయాన్లను దాదాపు నిశ్చలస్థితికి తెచ్చి, తిరిగి వేగం పెంచి, విద్యుత్ పలకల అవసరమే లేకుండా 3 టెస్లాల క్షేత్రంలో 66 సెంటీమీటర్ల వ్యాసం గల కక్ష్యలో తిప్పాలని సంకల్పించింది; 2024లో అలా నెమ్మదించిన మ్యూయాన్లకు రేడియో తరంగాలతో వేగం పెంచడం సాధ్యమని అక్కడి పరిశోధకులు చూపారు. ఫెర్మీల్యాబ్ గణనతో సవరించిన లోపాలలో కొన్నింటికి ఇక్కడ ఆస్కారమే లేదు, వాటి స్థానంలో వేరే లోపాలు వస్తాయి. రెండు దారులూ ఒకే అంకెకు చేరితే, ఆ అంకె మీద కలిగే నమ్మకం ఏ ఒక్క ప్రయోగపు సూక్ష్మతకంటే విలువైనది.

పై ఉదాహరణలన్నిటినీ కలిపి చూస్తే, సాఫ్ట్‌వేర్ సామర్థ్యం పెరగడం వల్ల పరికరం పని తేలికైందన్న అభిప్రాయం నిలవదు. స్థిరంగా ఉండి, విడిగా కొలవగలిగిన లోపాన్ని గణన చౌకగా సరిదిద్దగలదు, వెండి నమూనాతో తెలిసే మృతకాలం అటువంటిది. కాలంతో మారే లోపాన్ని సరిదిద్దగలదు గాని అనిశ్చితి రూపంలో మూల్యం వసూలు చేస్తుంది, దెబ్బతిన్న నిరోధకాలు అటువంటివి. నమోదు కాని సమాచారం విషయంలో అది నిస్సహాయం, పల్స్ వెడల్పులో కలిసిపోయిన భ్రమణం అటువంటిది. కాబట్టి రూపకల్పన దశలో ప్రతి భాగాన్ని గురించీ అడగవలసింది, అది చెడితే ఆ విషయం ఏ కొలత ద్వారా తెలుస్తుందన్నది. ఆ కొలతకు కావలసిన సూచికలు, వాటిని చదివే సాఫ్ట్‌వేర్, దానిని పోషించే మనుషులు తొలి అంచనా వ్యయంలోనే చోటు చేసుకోవాలి. డబ్బు తక్కువపడినప్పుడు మొదట కోతకు గురయ్యే పద్దు సాధారణంగా ఇదే కావడం ఈ రంగపు ప్రణాళికలలోని ప్రధాన బలహీనత.